పావు ట్యాంకు

లారీకెక్కిస్తే పన్నెండు వేలు.
తోలుకుపోతే పెట్రోలు, టోలు, నాగపూర్‌లో ఓ రాత్రి లాడ్జి.
కరెంటు బిల్లు వెనక వేసిన లెక్కలో
రెండూ ఇంచుమించు ఒకటే.

"ఇండోరు దాకా బండికేం ఢోకా లేదు మేడమ్,
మీ నడుం సంగతే చూసుకోండి"
అన్నాడు మాల్యాద్రి, కర్నూలు రోడ్డు షెడ్డులో
బానెట్ కింద నుంచి తల తియ్యకుండానే.

ట్రాన్స్‌పోర్టాఫీసులో జిలానీ
కాయితం మీది కారు బొమ్మకి
సున్నాలు చుడుతున్నాడు.
ఎడమ తలుపు సొట్ట, ఒకటి.
కొత్తపట్నం రోడ్డులో తోలడం నేర్చుకుంటూ
ఉప్పు బస్తాల ట్రాక్టరుకి దారివ్వబోయి
తుమ్మచెట్టుకి ఇచ్చింది.
వెనక బంపరు, రెండు.
అదెట్లా అయిందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలా.

"లోపల సామాను ఉండకూడదమ్మా.
పెట్రోలు పావు ట్యాంకు మించకూడదు."

సీటు కింద చెయ్యి పెడితే
గుప్పెడు సముద్రపు ఇసక,
వేరుశనగ తొక్కలు,
ఇల్లంతా వెతికించిన చెవిదుద్దు మర.
ఇసక ఎక్కడ పారబొయ్యాలో తెలీక
అట్లాగే నిలబడ్డా.

"ఇక్కడ సంతకం" అన్నాడు జిలానీ.

ఆ కాయితం నాకివ్వమని
మడిచి డాష్‌బోర్డులో పెట్టుకున్నా.
ఇసకని మళ్లీ సీటు కిందే వదిలేశా.

బంకులో కుర్రాడు "ఎంతకి?" అన్నాడు.
నిండా కొట్టమన్నా.

నడుం సంగతి
అద్దంకి దాటాక చూద్దాం.