తహిరత్ తాయెత్తు

ఒంటెనమ్మిన డబ్బు ముసుగు కొసన ముడేసుకుని
తహిరత్ వచ్చింది నా కొలిమి దగ్గరికి.
"బంగారమా, వెండా? కంసాలివి, నువ్వే చెప్పు."

అగాదెజ్‌లో ఇదేం ప్రశ్న!
మా తువారెగ్‌ల ఒంటికి వెండే చలవ.
బంగారం కంటబడితే కీడని
మా అమ్మ పేరైనా ఎత్తేది కాదు,
"ఆ పసుపుది" అనేది.

"మా అఖ్మదు జాడోకి పోయింది
ఆ పసుపుదాని కోసమే," అంది తహిరత్.
"గోళ్ళ సందుల్లో మట్టి తప్ప ఏమీ తేలేదు.
ఆ గోళ్ళు కత్తిరించి తూచినా ధర పలుకుతుందేమో."
నవ్వలేదు.

వెండి వారానికో మాట మారుస్తుందనీ
బంగారం మాట తప్పదనీ
నియామే దళారి చెబుతుంటాడు.
వాడి మాట మాత్రం రోజుకొకటి.

పళ్ళెంలో పాత ఫ్రెంచి నాణేలు వేసి
తూకం సరిచేస్తున్నట్టు కాసేపు ఆలస్యం చేశాను.
కరువు ఏడు.
నానమ్మ కడియాల జతకి
ఒక్క బస్తా సజ్జలు, అవీ తడిసినవి.
కొన్నవాడి భార్య వేలికి సన్నటి పసుపు ఉంగరం.
దానికైతే ఎన్ని బస్తాలో
అక్కడే లెక్కేశాను. ఎనిమిదేళ్ళవాణ్ణి.
ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"తాయెత్తు పెట్టె చేస్తాను," అన్నాను చివరికి.
"వెండిదే, నలుగురూ చూసేది.
లోపల, సూరా చుట్టిపెట్టే చోట,
చిక్కుడు గింజంత పసుపుది ఉంచి అతికేస్తాను."

"మరి కీడు?"

"మూత పడ్డాక దానికి ఎవరి కన్నూ తగలదుగా."

సాయంత్రం మెడలో వేసుకుని చూసుకుంది.
తాడు కాస్త కిందికి లాగింది.
"ఇంత బరువేమిటని అడిగితే?"

"ప్రార్థన పెద్దదని చెప్పు."