రాత్రి అద్దెకు లేదు

గదికి రెండు బిందెలు, సారూ.
తాగేదానికి కుండ వేరే ఉండాది, మూకుడు మూసి.
మీరు పోసుకున్న నీళ్లు యాడికీ పోవు.
బండల సందులో కాలవ తీసినాం,
మునగచెట్టు దాకా పోతాయి,
నాలుగు దినాలుంటే మీ గిన్నెలోకే పులుసై వస్తాయి.

ఆరు గదులు. కింద కడప బండలు, మట్టిగోడలు, పైన బోద.
కప్పు నేసింది మా మరిది వెంకటసుబ్బడు.
నెల్లాళ్ల పని. మధ్యలో రెండుసార్లు అలిగినాడు.
ఆ అలిగిన కాడే ఇప్పటికీ కురుస్తాది.
వాన పడితే (పడదులే)
మంచం పక్కకు జరుపుకోండి.

పాలకు వ్యాను రాదు.
ఇంటికొక లీటరు, పది ఇండ్లు,
పలక మీద సుద్దతో వంతు రాస్తాం.
ఈ పొద్దు బీబీజాన్ వంతు.
ఆమె బర్రె ఒట్టిపోయి నెలయింది,
అయినా పేరు తుడపలేదు.
పక్కింటి పాలు ఆమె చెంబులో వస్తాయి,
డబ్బులు సగం సగం.
ఈ లెక్క ఎవరు పెట్టినారని
ఆడిట్‌కొచ్చిన పిల్లోడు అడిగినాడు.
ఎవరూ పెట్టలేదు నాయనా,
అదే వచ్చి కూర్చుంది.

నేనా?
ఇరవై ఏండ్లు ఈ లంకమలలో కట్టెలు కొట్టినదాన్నే.
బద్వేలు హోటళ్లకు మోపు మోసి మోసి
నడినెత్తిన వెంట్రుక మొలవడం మానింది.
రేపు అదే దోవన మిమ్మల్ని తీసకపోతా,
నేను నరికిన మొద్దుల్ని చూపిస్తా.
కొన్ని చిగురేసినాయి.
కొన్ని నాతో మాట్లాడవు.

కంచె వేద్దామన్నారు, జీపులో వచ్చినోళ్లు.
మేం వద్దన్నాం.
గొర్రెలు తొక్కిన సందుల్లోనే గదా ఆ పక్షి నడిచేది!
పొద దట్టమైతే దానికి దోవ ఉండదు,
పొద లేకపోతే నీడ ఉండదు.
అది గుడ్లు పెడతాదని మేం అనుకునే నెలల్లో
గంగులప్ప మంద ఇటు రాదు.
ఆ నెలల మేతకు
మీ అద్దెలో నలభై రూపాయలు.

ఏ పక్షి అంటారా? కలివికోడి.
రాత్రి తిరుగుతాది. ఏండ్లాయె, ఎవురికీ కనపడలేదు.
మా అత్త చూసినానంటాది.
మా అత్త దయ్యాన్ని గూడా చూసినానంటాది.

అందుకే ఏడున్నరకు దీపాలు ఆర్పేస్తాం.
మొన్న ఒకాయన
"డబ్బులు కట్టినా గదా, పది దాకా లైటుండాల" అన్నాడు.
గదికి కట్టినావు సామీ,
దుప్పటికి, సంగటికి, ఊరిబిండికి కట్టినావు.
రాత్రి మాది కాదు, అద్దెకిచ్చేదానికి.

అరిచినాడు. చచ్చిపోయిన ఫోన్ను మంచం మీదికి విసిరినాడు.
ఎంతసేపటికో అరుగు మీదికొచ్చి కూచున్నాడు,
నాకు బారెడు దూరంలో.
చీకటికి కండ్లు అలవాటు పడాల గదా.
కొండ గీత కనపడింది మొదట.
దానిపైన చుక్కలు చూసి
"ఇవి రోజూ ఉంటాయా?" అన్నాడు.
నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

పొద్దన్నే ఇసక దోవ చూడబోయినాం.
మాపటికి వేపమండతో చదును చేస్తాం దాన్ని,
రాత్రి ఎవురు నడిచినారో అదే చెప్తాది.
కుందేలు. ముంగిస. గంగులప్ప కుక్క.
కలివి పొద పక్కన
మూడు వేళ్ల గుర్తులు, ఆరో ఏడో.
వెనక వేలు లేదు.
"ఏందమ్మా ఇది?"
తీతువు సారూ, అన్నా.
ఫొటో తీద్దామని జేబు తడుముకున్నాడు,
ఫోనింకా చచ్చే ఉండాది.
మోకాళ్ల మీద వంగి చానాసేపు చూసినాడు.

ఆయప్ప పోయినాక
చీపురుపుల్లతో ఆ అడుగు కొలిచి, విరిచి
కొంగున కట్టుకున్నా.
చెప్తే జనం వస్తారు. జీపులు వస్తాయి.
ఆరు గదులు అరవై అయితే
పలక మీద పది పేర్లు యాడ ఆనతాయి?
తీతువుదేనేమోలే.

మీ బిందెలు గడప కాడ పెట్టినా.
కాలవలోనే పోసుకోండి సారూ, ఒలకబోయొద్దు.
మునగ పూత మీదుండాది.