పేనుల

రాయప్ప ఫాదరు నల్లబల్ల మీద
రోమువాళ్ల పైబట్టలన్నీ ఆరేసేవారు:
టోగా, పల్లియం, లచెర్న, సాగుమ్.
పలమనేరు డిసెంబరు.
పళ్లు టకటకమంటా వల్లించేవాళ్లం,
ముగ్గురికి ఒక స్వెట్టరు.

"పేనుల" అన్నారొకరోజు.
తలలు గోక్కుంటా పడీపడీ నవ్వినాం.
ఆయన నవ్వలేదు.
ముతక ఉన్నిది, వానొస్తే తలమీంచి కప్పేది,
బండ్లు తోలేవాళ్లది, అన్నారు.
నాకు మా నాయన కంబళి కొప్పెర అగుపించింది,
తడిసిన గొర్రె వాసనతో సహా.

పరీక్షలో అదొక్కటే సరిగ్గా రాసినా.
ఇంటికి పంపేసినారు.

గొర్రెల వెంట ఇరవై ఏండ్లు.
లాటిన్ అంతా రాలిపోయింది, క్రియలు ముందు.
ఈ మాట మాత్రం
కంపకు చిక్కుకున్న ఉన్నిపోగు.

మొన్న శుక్రవారం సంతలో ఆయన,
చెవులు పోయి, భుజాలు వణుకుతా.
నా కంబళి తీసి కప్పినా.
అంచు తడిమి చూసుకొని,
పాఠం అప్పజెప్పమన్నట్టు
"దీని పేరు?" అన్నారు.

"పేనుల!" అని అరిచినా.

చుట్టూ ఉన్నోళ్లు గబుక్కున
రెండడుగులు వెనక్కి జరిగినారు.
ఆయన నవ్వి
ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నారు.