గుంటకు ముందే తెలుస్తది

చాటింపు ఇంకా మా వాడకు రాలే.
సుంకేసుల కాడ గేట్లు ఎత్తుతున్నరని
ఎవరో ఎవరికో ఫోన్ల చెప్తున్నరు.
నేను మగ్గం గుంటల కాళ్లు పెట్టిన.
తొక్కుడు చెక్క కింద మన్ను
మెత్తగ, సల్లగ
బొటనేలికి అంటుకున్నది.

తుంగభద్ర మాకు వాకిట్లకెల్లి రాదు.
ముందు గుంటల ఊరుతది.
మా అత్త ఉరుకుందమ్మ వంగి, వేలు ముంచి
నాలిక మీద పెట్టుకుని
"కొత్త నీళ్లు" అన్నది.
అంతే. లేచి కొంగు బిగించింది.

మద్దిలేటి అటకెక్కిండు.
కిందికెల్లి నేను అందిస్తున్న:
బియ్యం డబ్బా, చింతపండు కుండ,
జొన్నలు రెండు మూటలు,
ఒకటి తడిస్తే ఒకటన్నా మిగుల్తదని.
ఆధారు, రేషను కార్డు, సంఘం పుస్తకం,
పిల్లదాని పదో తరగతి మెమో
కవర్ల పెట్టి, ఆ కవరును ఇంకో కవర్ల పెట్టి
నా కడుపుకు కట్టుకున్న.
గ్యాసు బండను కిటికీ ఊచకు గొలుసేసినం.
ఆ యేటి వరదల ఒకటి తేలిపోయి
ఎవరి మిరప చేన్లనో దొరికిందంట.
ఎవరిదిరా అంటె
నలుగురు మాదే అన్నరంట.

గోడ మీద ఆ యేటి గీత ఇంకా ఉన్నది.
సున్నం ఎన్నిసార్లు వేసినా
అత్త అంత మేర వదిలేపిస్తది.

అన్నీ అయినయి.
మగ్గం మీద చీర ఒక్కటి ఉన్నది.
ముక్కుపొడి రంగు నూలు, పచ్చ పట్టు,
కోటకొమ్మ అంచు.
మూడు గజాలు దాటింది, కొంగు ఇంకా పట్టలే.
సావుకారు ఫోన్ చేసిండు:
"కొయ్యకుండ్రి. నీళ్లు రావు.
వచ్చినా మోకాలు దాటవు."
ఆయన ఇల్లు గడ్డ మీద.
ఎవరి మోకాలో చెప్పలే.
మగ్గంల కూసుంటె
నా మోకాళ్లు నేల కిందనే ఉంటయి.

అత్త కొయ్యమనలే, వద్దనలే.
"అచ్చు ఎనక జానెడు ఉంచు" అన్నది.
జానెడు ఉంటే మళ్ల అతకొచ్చు,
బూడిద అద్దిన వేళ్లతోటి
పోగుకు పోగు మెలేసి,
నాలుగు వేల చిల్లర పోగులు.
జానెడు లేకుంటె
మగ్గం మొదటికెల్లి పుట్టాలె.

కోసిన.
సప్పుడు పెద్దగ రాలే.
బిగిన ఉన్న పడుగు ఒక్కసారి సడలి
కోపం దిగినోని చెయ్యి లెక్క
గుంటల వాలింది.

అచ్చును, చీరను పోగులతోనే చాపల చుట్టినం.
ముందు కొస మద్దిలేటి, ఎనక కొస నేను.
సందు మలుపుల ఎదురొచ్చిన తిక్కన్న తాత
చాపను చూసి చెప్పులు విడిచిండు,
చేతులు జోడించిండు.
సందుల్లకెల్లి పచ్చ పట్టు కనబడినంక
ఏం మాట్లాడక మళ్ల తొడుక్కున్నడు.

అంతకు ముందు తాళం కాడ కొట్లాట అయింది.
నా చేతులకెల్లి అత్త గుంజుకున్నది.
"ఆ యేడు తాళమేసినం.
లోపటికొచ్చిన ఏరు తొవ్వ దొరకక
గోడను తీసుకుని పోయింది.
ముందు తలుపు తెరువు, ఎనక తలుపు తెరువు.
అదేం మన కోసం రాలే,
పోయేది, పోనీ."
దొంగలొస్తరేమో అంటె
"ఈత వచ్చిన దొంగకు
ఏదన్నా ఇయ్యాలె గద" అన్నది.

గుట్ట మీది బడి. మూడో తరగతి గది.
బోర్డు మీద ఏడో ఎక్కం సగం.
ఇద్దరు పిల్లలు దాన్ని అందుకుని
తప్పులతోనే ముగించిన్రు.
బెంచీల మీద చాప విప్పి
అత్త అద్దాలు పెట్టుకుని
సెల్లు ఎలుగుల పోగులు లెక్కబెడుతున్నది.
నూరు కాగానే ఒక చింతగింజ పక్కకు పెడుతది.

రెండు దాటింది.
కింద సప్పుడు ఏరుదో, వానదో
ఎవరికీ తెలుస్తలే.
పొద్దున దిగినంక ఇల్లు
ఎట్ల పెట్టి వచ్చినమో అట్లనే ఉండొచ్చు,
సావుకారు నవ్వొచ్చు,
మూడు గజాలకు కూలి కోయొచ్చు.

నేను గచ్చు మీద కూసున్న.
చదునైన గచ్చు, గోడ నుంచి గోడ దాక.
పెండ్లైన కాడికెల్లి గుంటల కూసున్నదాన్ని,
కాళ్లు ఏడ పెట్టుకోవాల్నో
తెలుస్తలే.