పేరు దగ్గర గీత

సోయికూర పూత మీద నిలబడి ఉంది.
మీద అంటే మీద కాదు, బెత్తెడు పైన,
గాలికి మేకు కొట్టి తగిలించినట్టు.
చెయ్యి చాపితే లేదు.
చెయ్యి తీస్తే అక్కడే ఉంది.

కందిరీగ, అంది పక్క తోట మాలే, చీపురెత్తి.
ఉండు తల్లీ, రెక్కలు లెక్కపెట్టు.
రెండే. కొండి లేదు, కోపం లేదు,
ఉన్నదల్లా పసుపూ నలుపూ చారల అరువు చొక్కా.
ఈగ. వేషం కట్టిన ఈగ.

"ఏ ఈగ?" అన్నాడు మనవడు ఉకు.
ఏడేళ్ళవాడి రెండు మాటలు.
నా జులై అంతా వాటికే పోయింది.

వోరు స్టేషన్ సామాన్ల గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చున్నదాన్ని.
నల్ల పెట్టెలన్నీ ఒకటే అనేవాళ్ళు జనం.
ఒకదానికి మూల చిట్లి ఉండేది,
ఒకదాని తాళం దగ్గర ఎవరో గోటితో గీకిన మరక,
ఒకదాన్ని ఎత్తితే లోపల సీసా దొర్లేది.
చీటీ పోగొట్టుకున్నవాడికి కూడా
వాడి పెట్టె వాడికే ఇచ్చాను.
ఒక్కసారి తప్ప.
ఆ సంగతి ఇప్పుడెందుకు.

జామ్ సీసాలో పట్టాను.
ఫ్రిజ్‌లో వెన్న పక్కన పది నిమిషాలు పెడితే
మత్తుగా తెల్ల సాసర్లోకి జారింది.
భూతద్దం కింద అదొక జమిందారీ:
పసుపు మొహం, భుజం పక్కన పసుపు గీత,
పుస్తకంలో నాలుగు బొమ్మలు,
నాలుగూ ఇదే.
గీత రెక్క మొదట ఆగితే ఒకటి, దాటితే ఇంకొకటి.
ఇది ఆగిందా? ఆగినట్టే ఆగి
కొంచెం తొంగి చూసింది.

శనివారం తార్తు బస్సెక్కాను,
ఒళ్ళో సీసా, మూతి మీద తడి గుడ్డ.
పక్క సీటు ఆయన ఊరగాయా అని అడిగాడు.

మ్యూజియంలో వైకో, నా కొడుకు ఈడువాడు,
మైక్రోస్కోపులోంచి కన్ను తియ్యకుండా
"కళ్ళ మధ్య సందుంది," అన్నాడు. "ఆడది."
డాక్టర్లు గొంతు తగ్గించి చెప్పే తీరులో.
మగదైతే రెండు కళ్ళూ నడినెత్తిన కలుస్తాయట.
మగదైతే పొట్ట చివర మడిచి దాచుకున్న
ఒక చిన్న కొక్కెం చూసి పేరు చెప్పెయ్యొచ్చట.
ఆడవన్నీ ఒకే అచ్చట.

"అచ్చు ఒకటా," అన్నాను,
"చూసే కన్నుకి చాలడం లేదా?"

చెవులు ఎర్రబడ్డాయి అబ్బాయికి.
"రెండోదే అయ్యుంటుంది, హెల్వే గారూ."

"చంపి చూస్తే?"

"చంపినా తెలీదు."

ఎందుకో ఆ మాట దారంతా చప్పరించాను,
చెంపలో పెట్టుకున్న పటికబెల్లంలా.
చంపినా తెలీదు.
గోధుమ చేలు, రేగడి గట్లు, ఒక కొంగ,
చంపినా తెలీదు.

ఎక్కడ ఎత్తిన పెట్టె అక్కడే దింపాలి.
సోయికూర దగ్గర మూత తీశాను.
వెంటనే పోలేదు. సీసా అంచున కూర్చుని
ముందు కాళ్ళు రుద్దుకుంది,
బేరం గిట్టుబాటైన దుకాణదారులా.
తరవాత లేదు.

నోటుబుక్కులో రాశాను:
పందొమ్మిది, శనివారం, సాయంత్రం ఆరున్నర,
సోయికూర, పడమటి గాలి, పల్చగా మబ్బు.
ఇంటిపేరు రాశాను, అంతవరకు ఖాయం.
దాని పక్కన పేరు ఉండాల్సిన చోట
స్కేలు పెట్టి ఒక గీత గీశాను.
ఉకుకి నచ్చలేదు. బస్సు డబ్బులు దండగన్నాడు.

పొద్దున్నే వాడే లేపాడు, చెప్పుల్లేకుండా, తడి కాళ్ళతో.
పూత మీద మూడున్నాయి.
మూడూ బెత్తెడు పైన, మూడూ మేకుకి తగిలించినట్టు.

"అవ్వా, నిన్నటిది ఏది?"

కళ్ళజోడు కోసం తడుముకుంటున్నాను.