ఉప్పు తగలని నాలుక

మాంట్రియల్ చివర, మూతపడ్డ షాపింగ్ మాల్‌లో
రాత్రి రెండున్నరకి
నూట పదిమంది శవాలవడానికి వరుసలో నిలబడ్డారు.
మిర్లాండ్ నంబరు అరవై నాలుగు.
చెంప మీద రబ్బరు గాయం, జిగురు ఇంకా ఆరలేదు.
పగలంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన చేతులకి
ఎవరో కుర్రది గోళ్ల కింద బూడిదరంగు పూసింది.
"మీకు పెద్ద పనుండదు,
కళ్ల కింద నలుపు ముందే ఉంది" అని నవ్వింది.
చెడ్డపిల్ల కాదు.

లూదోవిక్ నడక నేర్పుతున్నాడు.
"కుడికాలు ఈడ్చండి. భుజాలు వదిలెయ్యండి.
చూపు ఎక్కడా ఆనకూడదు.
ఆలోచించకండి, అదే కిటుకు."
అందరూ తడబడుతున్నారు.
మిర్లాండ్‌కి ఒక్కసారికే వచ్చేసింది.
"ఎక్కడ నేర్చుకున్నావ్?"

ఎక్కడని చెబుతుంది?
హైతీలో, లెయోగాన్‌లో, కిరోసిన్ దీపం పక్కన
నాయనమ్మ అక్క ఇదామీజ్ నడిచి చూపించిన నడక అది.
చీకటి పడ్డాక చెరుకుతోటలోంచి తిరిగొచ్చేవాళ్ల నడక.
వాళ్ల పేర్లు లెక్కల పుస్తకంలో
గానుగలకీ ఎద్దులకీ మధ్య ఉండేవి.
చావొక్కటే వాళ్లకి సెలవు.
చస్తే సముద్రం అడుగునుంచి నడిచి
గినీకి, తాతల నేలకి చేరొచ్చనుకునేవారు.
అందుకే వాళ్లకి చావంటే బెంగ లేదు.
చచ్చాక కూడా లేపి
మళ్లీ కత్తి చేతికిస్తారేమోనని.
ఆ భయం పేరే జాంబీ.

అది ఎవర్నీ కరవదు.
పాపం, దానికి ఆకలే తెలీదు.
చప్పిడి గంజి పోస్తే తాగుతుంది,
కొట్టమంటే చెరుకు కొడుతుంది.
ఇదామీజ్ గొంతు తగ్గించి చెప్పేది:
"ఒక్క ఉప్పురాయి నాలిక్కి తగిలిందా, అయిపోయింది.
తను చచ్చానని తెలిసిపోతుంది.
యజమాని మొహంలోకి ఒకసారి చూస్తుంది.
ఆ తర్వాత గోరీ వైపు పరుగు."
అవును మరి,
ఉప్పూ కారం తినేవాణ్ణి ఎన్నాళ్లని కట్టేస్తారు?

ఆ కథని ఓడల్లో వచ్చినవాళ్లెవరో పెట్టెలో పెట్టుకుపోయారు.
నలుపు తెలుపు తెర మీద
మొదట అది దొరసానుల నిద్ర చెడగొట్టింది.
తర్వాత మాంత్రికుణ్ణి కత్తిరించేశారు,
వాడితోపాటు చెరుకుతోట పోయింది.
పొరుగువాళ్లే లేచి వచ్చి తలుపులు బాదారు.
కొన్నాళ్లు దుకాణాల అద్దాలకి మొహాలు ఆనించారు.
కొన్నాళ్లకి నెత్తుటిలో పురుగై విమానాలెక్కారు.
ఈమధ్య పరిగెడుతున్నారు కూడా.
ఏ ఏటి భయం కొలతలతో ఆ ఏడు చొక్కా కుడతారు,
తొడుక్కునే శవం పాతదే.
ఒకప్పుడు, నేనే జాంబీనైతే? అని వణికారు.
ఇప్పుడు, జాంబీలు నా ఇంటికొస్తే? అని.

విరామంలో మిర్లాండ్ అడిగింది:
"వీళ్ల యజమాని ఎవరు?"
"యజమానా? వైరస్ అంతే. ఎవరూ లేరు."
"మరి రోజూ వీళ్లని లేపేదెవరు?"
లూదోవిక్ గడియారం చూసుకున్నాడు.
అతని కళ్ల కింద కూడా నలుపు,
దాన్ని ఎవరూ పూయలేదు.

నాలుగింటికి కాగితం కప్పుల్లో సూప్ ఇచ్చారు.
చప్పగా ఉంది.
అరవై మూడో నంబరు, మనీలావాడు రొసౌరో,
జేబులోంచి ఉప్పు పొట్లం తీసి
తను చల్లుకుని ఆమెకిచ్చాడు.
ఆమె కొంచెం వేసుకుని పక్కకి అందించింది.
అది వరుసలో ఎంతదూరం పోయిందో చూడలేదు.

ఆరో టేక్.
ఆగిపోయిన ఎస్కలేటర్ మీద
కాళ్లు ఈడ్చుకుంటూ దిగుతున్నారు అందరూ.
అరవై నాలుగో శవం మధ్యలో ఆగింది.
తలెత్తి, దీపాల వెనక చీకట్లోకి
ఎవరినో గుర్తుపట్టబోతున్నట్టు చూసింది.

"కట్! అరవై నాలుగు, చూపు!"

క్షమించమంది.
మళ్లీ మెట్లెక్కి తన గుర్తు మీద నిలబడింది.
నాలుక చివర ఇంకా ఉప్పగానే ఉంది.
మొదటి బస్సుకి గంటంబావు.