అర ఇంచు తేడా

అజ్మాన్‌ల కందూరాలు కుట్టే దుకాణంల నా పని.
టేపు మెడల పదకొండేండ్ల సంది ఉన్నది,
తీసి పండుకున్నా దాని బరువు పోదు.
భుజం, ఛాతీ, చెయ్యి, నిడివి,
గిరాకి అరబ్బీల నిలబడతడు,
షఫీకుల్ బెంగాలీల రాసుకుంటడు,
నేను తెలుగుల కత్తిరిస్త.

బొమ్మలేసుడు నాకు చిన్ననాటి అలవాటు కాదు.
నిరుడు రంజాన్‌ల, ఇంక నలబై కందూరాలు మిగిలిన రాత్రి,
చదువు ఇడిశిపెట్టి మనీలాకు ఎల్లిపోతున్న పిల్ల ఒకతె
నూటెనబై దిర్హంలకు తన టాబ్లెట్ అమ్మింది.
దాంట్ల ఒక అస్థిపంజరాన్ని మర్చిపోయి పోయింది.

బొటనవేలు ఆనిస్తే తిరుగుతది.
వీపు చూపమంటే చూపుతది, సిగ్గు లేదు.
కండలు కప్పొచ్చు, మళ్ల తియ్యొచ్చు,
అంగీ ఇప్పినంత అలకగ.
రూంల మేము ఎనిమిది మందిమి.
"తొమ్మిదోడొచ్చిండు, కిరాయి కట్టడు, ఏసీ అడగడు"
అని బుచ్చిమల్లు నవ్వుతడు.
లైటు తీసినంక మాత్రం
"మూత పెట్టురా, వాడు పండ్లు ఇకిలిస్తుంటే నిద్ర రాదు" అంటడు.

మొదట్ల నా బొమ్మల మనుషులు
హ్యాంగర్‌కు తగిలిచ్చిన బట్టల లెక్కుండేటోళ్లు.
ఇన్నేండ్లు మనిషిని బయట బయటనే కొలిశిన,
గుడ్డ లోపట దేని మీద ఆగుతదో ఎన్నడు చూడలే.
మెడ కింద రెండు సన్నటి బొక్కలు
సైకిల్ హాండిల్ లెక్క వంగి ఉంటయి.
గల్ల ఆడనే ఎందుకు నిలుస్తదో
కత్తెర పట్టిన చేతికి నలబయ్యో ఏట తెలిసింది.
జబ్బ బొక్క ఒక్క చోట కుదురుగ ఉండదు,
పక్కటెముకల మీద జారుకుంట
చెయ్యి లేపితే చెయ్యెంట పోతది.
చంకల కుట్టు ఎందుకు పిగులుతదో ఆ రాత్రి సమజైంది.
ఎంతమంది చంకలకు బాకీ పడ్డనో!

కని ఈ తొమ్మిదో మనిషికి ఒక ఐబున్నది,
ఏ ఐబూ లేకపోవుడు.
ఎడమ ఎంతో కుడి అంత.
నా కొలతల పుస్తకంల అసొంటోడు ఒక్కడు లేడు.
చేపల మార్కెట్ల బుట్టలు మోసే యూనుస్‌కు
కుడి భుజం ముప్పావు ఇంచు కిందికి.
టాక్సీ తోలే గుల్జమాన్ మెడ
బండి దిగినా కిటికీ దిక్కే ఒరుగుతది.
ఫోను చెవికీ భుజానికీ నడుమ ఇరికిచ్చే బ్యాంకు సారుకు
ఒక పక్క మీదికి.
తొడుక్కున్నంక అందరు సమానంగ కనబడాలె గద,
ఒక దిక్కు లోపట చిన్న పట్టీ ఏస్త.
నేను చెప్పను. వాళ్లు అడగరు.

ఒకనాడు ఈని కుడి భుజం దించబోయిన.
ఎడమది కూడ దిగింది.
మళ్ల దించిన, మళ్ల దిగింది.
మనిషి నీళ్లల్ల మునుగుతున్నట్టయిండు.
షఫీకుల్ వంగి చూసి
మూలకున్న గుర్తు ఒత్తిండు,
నడిమిట్ల గీత, అటో రెక్క ఇటో రెక్క.
"ఇగ ఒక్కటే దిగుతది భాయ్."

దించిన.
అర ఇంచు.
నడుము దానంతట అది జరగలే, నేనే జరిపిన.
వెన్నుపూసలు ఒక్కొక్కటే అటు తోసిన.
తల కొంచెం వంచిన. ఒక మోకాలు మడిచిన.
అప్పుడు ఆగిన.
ఈన్ని నేనెరుగుదు.

పై మంచం మీద పక్కకు తిరిగి పండుకున్నడు బుచ్చిమల్లు,
బస్తాలు మోసిన జబ్బ కిందికేసి.
ఫోను లైటు గోడకు కొట్టి గీసిన,
ముందుగాల బొక్కలు, పలచగ,
వాటి మీద తోలు, తోలు మీద బనీను, బనీనుకు చినుగు.
చినుగుల కనబడ్డ రెక్కబొక్క అంచు ఒక్కటి
రబ్బరు పెట్టి చెరపబుద్ధి కాలే.

పొద్దుగాల పండ్లపుల్ల నోట్ల పెట్టుకొనే చూసిండు.
"నేను గిట్ల వంకర ఉంటనా?"
టేపు తీసిన. నిలబెట్టి కొలిశి చూపిచ్చిన.
రెండు అంకెల దిక్కు చానాసేపు చూసిండు.
"ఈడికచ్చినంక అయిందా, ముందు సందా?"

పుస్తకం మొత్తం తిరగేసిన.
యూనుస్ ఉన్నడు, సారు ఉన్నడు, గుల్జమాన్ మూడు సార్లున్నడు.
ఆరేండ్లు ఒక్క రూంల ఉన్నం,
ఈయన నాతోని ఒక్క అంగీ కుట్టిచ్చుకోలే.
కొత్త పేజీల రాసిన:
బుచ్చిమల్లు, కుడి, అర ఇంచు తక్కువ.
కింద తారీకు ఏసిన.